నాయుడు ఇంటిపేరేనా?

అందరికీ నమస్కారం.

ఏ శుభలేఖ తీసుకున్నా పైన శ్లోకం అయిపోగానే 'ముప్పవరపు వారి' అనో 'తెన్నేటి వారి' అనో కనిపిస్తుంది. అదీ ఇంటిపేరంటే. ముప్పవరం వాళ్లు ముప్పవరపు వారయ్యారు, తెన్నేరు వాళ్లు తెన్నేటి వారయ్యారు. ఊరు పేరుకి విభక్తి తగిలిస్తే చాలు, 'ఏ ఊరండీ మీది?' అన్న ప్రశ్నకి జవాబు వచ్చేసినట్టే. పేరు చివర వచ్చే నాయుడు, రెడ్డి అలా కాదు. అవి తోకలు. ఆ తోక ఒకటి సముద్రం దాటి తలగా ఎలా మారిందో చెబుదామని వచ్చాను.

నాయుడు మాటకి మూలం నాయకుడు. విజయనగర కాలంలో రాజిచ్చిన భూమి మీద ఆదాయం తింటూ, బదులుగా సైన్యాన్ని పోషించినవాళ్లు నాయకులు. పదవి పోయింది, పిలుపు మిగిలింది. బలిజ, కాపు, కమ్మ, వెలమ ఇళ్లల్లో పేరు చివర చేరింది. అందుకే 'నాయుడు గారు' అనగానే కులం తేల్చేద్దామనుకుంటే కుదరదు, జిల్లా మారితే లెక్క మారిపోతుంది. తమాషా ఏంటంటే అదే మాట అసలైన ఇంటిపేర్లలోనూ దాక్కుని ఉంది. నాయుడికి విభక్తి తగిలితే 'నాయని', అది నోట్లో నలిగి 'నేని'. అక్కినేని వారంటే అక్కినాయుడి వాళ్లన్నమాట.

1932లో లార్డ్స్‌లో మన దేశం ఆడిన మొదటి టెస్టుకి కెప్టెన్ సి.కె.నాయుడు. పుట్టింది నాగపూర్‌లో, తెలుగు కుటుంబం. ఆ 'సి' అంటే కొట్టారి, ఇంగ్లీషులో సి తో రాసుకున్నారు. ఇంటిపేరేమో ఒక్క అక్షరానికి కుంచించుకుపోయింది, తోకేమో స్కోరు బోర్డెక్కింది!

నాగపూర్‌లో కనీసం ఆ అక్షరమైనా మిగిలింది. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో అదీ లేదు.

1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవు చేరింది. అక్కణ్నుంచి 1911 దాకా సుమారు 1,52,000 మంది డర్బన్ చుట్టుపక్కలున్న నేటాల్ ప్రాంతపు చెరకు తోటలకి కూలి ఒప్పందం మీద వెళ్లారు. వాళ్లలో మూడింట రెండొంతుల మంది మద్రాసు నుంచి ఓడెక్కినవాళ్లే. విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు అందులో చాలామంది. ఓడ రిజిస్టరులో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా రాసుకున్నారు. ఇంటిపేరుకి గడి లేదు. తర్వాతి తరాలకి కాగితాల మీద ఇంటిపేరు కావాల్సి వచ్చింది. చేతికందింది నాయుడు. ఇంగ్లీషు స్పెల్లింగులో చివర రెండు 'ఓ'లు పడి 'నైడూ' అయింది. మారిషస్‌లోనూ అదే స్పెల్లింగు. గాంధీగారి పక్కన సత్యాగ్రహంలో నిలబడ్డ తంబి నాయుడు అక్కడ పుట్టినవాడే. 1903 నుంచి మద్రాసు ఓడలు వెళ్లిన ఫిజీలో మాత్రం చివర 'యు' రాస్తారు. అంటే స్పెల్లింగు చూసి ఏ సముద్రం దాటారో కొంతవరకు చెప్పొచ్చు.

ఇవాళ దక్షిణాఫ్రికా భారతీయుల్లో బాగా ఎక్కువగా వినపడే ఇంటిపేర్లలో నైడూ ఒకటి. అందరూ తెలుగు మూలాలవాళ్లే అనుకోకండి, తమిళం ఇంటి భాషగా ఉన్న కుటుంబాలూ ఉన్నాయి. తెలుగు నిలుపుకోవాలనుకున్నవాళ్లు 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు.

మన దగ్గర ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్ల వరస, పెళ్లిమాటే ఎత్తరు. నైడూ అబ్బాయికి నైడూ అమ్మాయినిస్తే ఆ అడ్డం లేదు. ఎందుకుంటుంది, అది ఇంటిపేరైతే కదా!

ఆ మధ్య డర్బన్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన్ని అలవాటు కొద్దీ "మీ ఇంటిపేరేంటండీ?" అని అడిగాను. "నైడూ" అన్నారు. "అది కాదండీ, ఇంటిపేరు" అన్నాను. సంచిలోంచి ముత్తాత రిజిస్టరు జిరాక్స్ తీశారు. మడతల దగ్గర అరిగిపోయి ఉంది. గడి గడికీ వేలు పెట్టి చూసుకుంటూ వెళ్లి, చివరి గడి దగ్గర ఆగి, "ఇందులో ఎక్కడుంటుంది?" అని నన్నే అడిగారు.