ఇంగ్లీషు మందుకూ పథ్యం ఉంది

పెద్దలందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మందిని ఎరుగుదును. పేర్లు తెలియకపోయినా మీ మందుల చీటీలు గుర్తే. బ్రాడీపేటలో మందుల షాపు కౌంటర్ వెనక ముప్పై ఏళ్లు నిలబడ్డాను కదా, మనిషిని చూడగానే ఆయన వాడే బీపీ మాత్ర టెల్మిసార్టాన్ 40 ఆ, 80 ఆ అన్నదే ముందు గుర్తొస్తుంది.

మొదట్లో పెద్దవాళ్లు డబ్బులిస్తూ ఒక మాట అడిగేవాళ్లు. "పథ్యం ఏమన్నా ఉందా బాబూ?" నాటుమందుకి వంకాయ, గోంగూర మానాలని విన్న అలవాటు మరి. నేను నవ్వేసి, "ఇంగ్లీషు మందుకి పథ్యమేంటండీ, అన్నీ తినొచ్చు" అనేవాణ్ణి. తర్వాత నాలుగు పుస్తకాలు తిరగేసి, ఆ గట్టు నుంచి ఈ గట్టుకి దూకాను. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ అది మానండి, ఇది మానండి అని చెప్పడం మొదలుపెట్టాను. ఆ ఉత్సాహంలో ఒక పిన్నిగారికి అపకారం చేశాను. ఇవాళ ముందు ఆ సంగతే చెబుతాను.

ఆవిడకి గుండె కవాటం మార్చారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. వార్ఫరిన్, అసినోకుమరాల్ అని ఈ జాతి మందులు. ఒకసారి స్ట్రిప్పు చేతికిస్తూ, "పిన్నిగారూ, దీనికి ఆకుకూరలు పడవు, మానెయ్యండి" అన్నాను. మూడు వారాలకి ఆవిడ మళ్లీ వచ్చి, చెయ్యి కౌంటర్ మీద పెట్టి చీర కొంగు తప్పించారు. మోచేతి కింద అరచేతంత నల్లటి మచ్చ. గుమ్మం కొంచెం తగిలిందట, అంతే. "పళ్లు తోముకుంటుంటే ఉమ్ములో రక్తం పడుతోంది బాబూ" అన్నారు. ఏం మానేశారని అడిగితే, "నువ్వు చెప్పావుగా. గోంగూర, తోటకూర, పాలకూర, ఆఖరికి చారులో కొత్తిమీర కూడా" అన్నారు. ఆటో ఎక్కించి ఆస్పత్రికి పంపించాను. ఎప్పుడూ మూడు లోపు ఉండే ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూపే పరీక్ష లెక్క, ఆరు దాటింది.

జరిగిందేమిటంటే, ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది. ఆకు ఎంత ముదురు పచ్చగా ఉంటే అంత ఎక్కువ. దానితోనే లివరు రక్తం గడ్డకట్టే పదార్థాలు తయారుచేస్తుంది. ఈ మాత్ర పని ఆ తయారీకి అడ్డుపడటం. అంటే మాత్ర ఒకవైపు లాగుతుంటే గోంగూర ఇంకోవైపు లాగుతుంటుంది. పిన్నిగారికి డాక్టరు మోతాదు కుదిర్చింది ఆవిడ గోంగూర తింటున్న రోజుల్లో. నేను ఒకవైపు తాడు తెంపేశాను. ఇంకోవైపు లాగేవాడు వెల్లకిలా పడ్డాడు.

అందుకే ఈ మాత్ర వేసుకునేవాళ్లకి పథ్యమంటే మానడం కాదు, మార్చకపోవడం. వారానికి రెండుసార్లు ఆకుకూర వండే ఇల్లయితే ఆ రెండుసార్లూ తినండి. ఎవరో చెప్పారని మునగాకు పొడి రోజూ రెండు చెంచాలు మొదలుపెట్టకండి, అప్పుడు రక్తం గడ్డకట్టే ప్రమాదం. పిల్లల దగ్గరికని అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండొస్తారు చూడండి, అక్కడ తిండి మొత్తం మారిపోతుంది. వెళ్లిన కొత్తలో ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి ఐఎన్ఆర్ చూపించుకోవాలి.

అసలీ మందు పుట్టిందే మేత దగ్గర. 1920లలో అమెరికా, కెనడాల్లో బూజుపట్టిన ఒక రకం గడ్డి తిన్న పశువులు రక్తం ఆగక చచ్చిపోయేవి. విస్కాన్సిన్‌లో కార్ల్ పాల్ లింక్ అనే శాస్త్రవేత్త బృందం ఆ గడ్డిలోంచి కారణాన్ని పట్టుకుంది. దాన్నుంచి తయారైన వార్ఫరిన్‌ని 1948లో ముందు ఎలుకల మందుగా అమ్మారు, 1954 నుంచి మనుషులకీ వాడుతున్నారు. ఎలుకల మందని కంగారుపడకండి, మోతాదులోనే ఉంది అంతా.

ఇక ఎండాకాలం సంగతి. రోహిణి కార్తెలో గుంటూరు ఎండ గురించి మీకు నేను చెప్పాలా? బయటికెళితే ఒక కొబ్బరిబొండం, ఇంటికొస్తే ఇంకోటి. కొబ్బరినీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి కిడ్నీలు ఎక్కువైనదాన్ని బయటికి పంపేస్తాయి. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు, స్పైరనోలాక్టోన్ అనే నీరు తీసే మాత్ర, ఇవన్నీ పొటాషియాన్ని ఒంట్లోనే నిలిపే రకం. దానికి తోడు షుగరు వల్ల కిడ్నీ సగం దెబ్బతిని ఉందనుకోండి, పోయే దారి మూసుకుపోయినట్టే. రక్తంలో పొటాషియం మూడున్నరకీ అయిదుకీ మధ్య ఉండాలి. ఆరు దాటిందంటే గుండె కొట్టుకునే తీరు తప్పే ప్రమాదం ఉంది. ముందుగా నొప్పి కూడా రాకపోవచ్చు, దీంతో వచ్చిన చిక్కే అది.

ఇంకొకటి ఎవరూ అనుమానించరు. బీపీకి మంచిదని కొడుకులు లో సోడియం ఉప్పు ప్యాకెట్లు తెచ్చిపెడుతున్నారు. అందులో సోడియం తగ్గించి ఆ చోట వేసేది పొటాషియం క్లోరైడే. కిడ్నీలు బాగున్నవాళ్లకి అది నిజంగానే మంచిది, నేను కాదనను. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలో అంకె పెరిగినవాళ్లు, ఇందాక చెప్పిన పొటాషియం నిలిపే మాత్రలు వాడేవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా ఆ ప్యాకెట్ విప్పొద్దు. ఆవకాయ తగ్గించుకోవడం అంతకన్నా చవక. గుంటూరులో నిలబడి ఈ మాట అన్నందుకు నన్ను క్షమించాలి.

మనకి ఒక నమ్మకం ఉంది. యాంటీబయాటిక్ వేడి చేస్తుందని మజ్జిగతో మింగుతాం. సిప్రోఫ్లోక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటివి పాలల్లో, పెరుగులో ఉన్న కాల్షియాన్ని పట్టుకుని ముద్దకట్టి, ఒంటికి సరిగా పట్టవు. జ్వరం తగ్గలేదని మళ్లీ డాక్టరు దగ్గరికి పరుగు. మాత్ర నీళ్లతో వేసుకుని, రెండు గంటలాగి మజ్జిగ తాగండి. అమాక్సిసిలిన్‌కి ఈ గొడవ లేదు. కాల్షియం, ఐరన్ మాత్రలతో కూడా ఇదే తంటా.

థైరాయిడ్ మాత్ర వేసుకునే అమ్మలకి ఒక్క ముక్క. కాఫీతో కాదు, పరగడుపున నీళ్లతో. ఆ తర్వాత అరగంట నుంచి గంట ఆగాకే కాఫీ. కాల్షియం మాత్రకీ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

వినాయక చవితికి పాలవెల్లికి పంపరపనస కడతాం. దాని విదేశీ బంధువు గ్రేప్‌ఫ్రూట్. 1989లో కెనడాలో డేవిడ్ బెయిలీ బృందం ఫెలోడిపిన్ అనే బీపీ మందు మీద ఆల్కహాల్ ప్రభావమేంటో చూసే ప్రయోగం చేస్తూ, ఆల్కహాల్ రుచి తెలియకుండా అందులో ఆ రసం కలిపింది. రక్తంలో మందు అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు కనిపించింది. మన పేగు గోడలో కొన్ని మందుల్ని కొంత అరగదీసే ఎంజైము ఒకటుంటుంది, ఆ రసం దాన్ని పనిచెయ్యనివ్వదు. వేసుకున్నది ఒక మాత్రే అయినా ఒంట్లోకి ఎక్కువ చేరుతుంది. పంపరపనసకీ ఆ గుణముంది. కొలెస్ట్రాల్‌కి సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ వేసుకునేవాళ్లు చూసుకోవాలి. కిడ్నీ మార్పిడి జరిగి టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ వాడేవాళ్లు అసలు ముట్టొద్దు. బత్తాయికి ఆ దోషం లేదు, నిశ్చింతగా తాగండి.

తినకపోవడం గురించి కూడా చెప్పాలి. కార్తీక సోమవారం ఉపవాసమున్నా, రంజాన్ రోజా ఉన్నా, పొద్దున్నే అలవాటుగా గ్లిమెపిరైడ్ వేసేసుకుంటారు. తిండి లేదు, మాత్ర మాత్రం షుగర్ని దించుతూనే ఉంటుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. ఉపవాసం నాలుగు రోజులుందనగానే డాక్టర్ని కలిసి మాత్ర సంగతి తేల్చుకోండి. ఈలోగా ఆ లక్షణాలు కనిపిస్తే వ్రతం సంగతి తర్వాత, ముందు నోట్లో పంచదార వెయ్యండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ వెయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మన భాషలో రెంటినీ మందే అంటాం గానీ, ఆ మందుకీ ఈ మందుకీ పడదు. నిద్రమాత్ర మీద మందు పడిందంటే ఊపిరి మందగిస్తుంది. ఈ విషయం మీద మగవాళ్లెవరూ ప్రశ్నలడగరని తెలుసు.

వాడుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని రమ్మని ముందే చెప్పించాను. ఆయుర్వేదం పొడులు, టీవీలో చూసి కొన్నవి కూడా తెచ్చే ఉంటారు, దాచకండి. ఎదర వరసలోవాళ్లు ముందు రండి. పిన్నిగారూ, మీ సంచి ఇటివ్వండి.