ఆగస్టులో ఆకు చూసి కొనండి: నాలుగేళ్ల పొడుగు ఫ్లాక్స్ రివ్యూ

నమస్తే అండీ. ఇవాళ ఆగస్టు మూడో వారం, టైమ్ పొద్దున ఏడున్నర. ఈ వీడియో కావాలనే ఈ నెలలో తీస్తున్నాను. జూన్‌లో నర్సరీకి వెళ్లి చూస్తే ఫ్లాక్స్ (Phlox, అవిసె గింజల ఫ్లాక్స్ కాదు) పూల మొక్కలన్నీ పెళ్లికూతుళ్లలాగే ఉంటాయి. ఆకు నిగనిగలాడుతుంది, కొసన మొగ్గ కనిపిస్తుంది, ఇరవై డాలర్లు ఇచ్చేసి కారు వెనకాల పెట్టుకుని వచ్చేస్తాం. అసలు రంగు ఆగస్టులో బయటపడుతుంది. ఇదిగో, ఈ ఆకు చూడండి. బియ్యప్పిండి చల్లినట్టు లేదూ? అదే బూడిద తెగులు. ఇప్పుడు దీని పక్క మొక్క ఆకు చూడండి. ఒక్క మచ్చ లేదు. రెండిటికీ ఒకే మట్టి, ఒకే ఎండ, ఒకే పైపు నీళ్లు. తేడా అంతా రకంలోనే ఉంది.

కొత్తగా చూస్తున్నవాళ్లకి చెప్తున్నాను, మేం ఉండేది పెన్సిల్వేనియాలో, ఎక్స్టన్ దగ్గర. చలికాలం చలిని బట్టి అమెరికాలో చేసిన విభాగాల్లో జోన్ 7. మాది బంకమట్టి. నాలుగేళ్లలో ఐదు రకాల పొడుగు ఫ్లాక్స్ పెంచాను, ఒకదాన్ని పీకేశాను, ఇంకొకటి పీకాలా వద్దా అని మా ఇంట్లో గొడవ నడుస్తోంది. అన్నీ నా డబ్బుతో కొన్నవే.

ముందు మొక్క సంగతి. దీని శాస్త్రీయ నామం ఫ్లాక్స్ పానిక్యులేటా. ఎక్కడి నుంచో తెచ్చింది కాదు, అమెరికా తూర్పు వైపు ఏటి ఒడ్డుల్లో, అడవి అంచుల్లో పుట్టిన మొక్కే. 18వ శతాబ్దంలో యూరప్ వెళ్లింది, అక్కడివాళ్లు దాన్ని రకరకాల రంగుల్లోకి మార్చారు. జర్మనీలో పోట్స్‌డామ్ దగ్గర కార్ల్ ఫోర్స్టర్ అనే నర్సరీ ఆయన దీని మీద ఏళ్ల తరబడి పనిచేసి చాలా రకాలు తీశాడు. పువ్వు ఎలా ఉంటుందంటే, మన బిళ్ళగన్నేరు పువ్వుని కాస్త చిన్నది చేసి, అలాంటివి బోలెడు కలిపి ఒక కాడ చివర గోపురంలా పేర్చినట్టు ఉంటుంది. సాయంత్రం పూట తియ్యటి వాసన వస్తుంది. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు "చంద్రకాంత పూలు గుర్తొస్తున్నాయే" అంది.

హైదరాబాద్ నుంచి విత్తనాలు అడుగుతున్నవాళ్లకి ఒక మాట. అక్కడ చలికాలం నర్సరీల్లో దొరికే పొట్టి ఫ్లాక్స్ వేరు. అది ఫ్లాక్స్ డ్రమ్మండీ అనే వేరే జాతి, టెక్సాస్ మొక్క, ఒక్క సీజన్‌లో పూసి పోతుంది. అక్కడ అక్టోబర్‌లో విత్తుకుంటే చక్కగా వస్తుంది, అదే పెంచుకోండి. ఈ పొడుగుదానికి గట్టి చలి కావాలి. చలికాలం పైభాగమంతా ఎండిపోయి, వేళ్లు భూమిలో నిద్రపోయి, మళ్లీ ఏప్రిల్‌లో పిలకలు వేస్తుంది. ఆ నిద్ర మన ఊళ్లలో దొరకదు. టెక్సాస్‌లో డల్లాస్, ఫ్రిస్కో వైపు ఉన్నవాళ్లు మాత్రం జాన్ ఫ్యానిక్ అనే రకం వెతకండి. శాన్ ఆంటోనియోలో వెలుగులోకి వచ్చిన రకం, వేడికి తట్టుకుంటుందని పేరు. నేను పెంచలేదు కాబట్టి మార్కులు వేయను.

సరే, ఇక ఇటు రండి. ఇది జీనా. నా వరకు దీనికి తిరుగు లేదు. నాష్‌విల్ దగ్గర హార్పెత్ నది పక్కన దొరికిన మొక్క ఇది, కనిపెట్టినావిడ పేరే పెట్టారు. మాకు దగ్గర్లో, డెలవేర్‌లో మౌంట్ క్యూబా సెంటర్ అని ఒక తోట ఉంది. వాళ్లు 2015 నుంచి 2017 వరకు ఎండలో పెరిగే ఫ్లాక్స్ రకాలు పదుల కొద్దీ నాటి, మందు కొట్టకుండా పెంచి చూశారు. అందులో మొదటి స్థానం దీనిదే. ఆకు శుభ్రంగా ఉండటమే కాదు, సీతాకోకచిలుకలు మిగతావాటికంటే దీని మీదే ఎన్నో రెట్లు ఎక్కువ వాలాయట. విచిత్రం ఏంటంటే దీని పువ్వు అన్నిటికంటే చిన్నది. నర్సరీలో కుండీలో చూస్తే ఎవరూ చెయ్యి వెయ్యరు, నేనూ మొదటిసారి దాటుకుని వెళ్లిపోయాను. కానీ నాటిన మూడో ఏడు చూడండి, నా భుజం దాకా వచ్చింది. వెడల్పు కూడా దాదాపు అంతే. చోటు లేనివాళ్లు ఆలోచించుకోండి. జులై మధ్యలో మొదలైన పూత ఇప్పటికీ ఉంది, సెప్టెంబర్ దాకా వస్తుంది.

దీని పక్కన తెల్లటిది డేవిడ్. ఇది మా పక్కూరిదే అనుకోవచ్చు. ఇక్కడికి అరగంట దూరంలో ఉన్న చాడ్స్ ఫోర్డ్‌లో, బ్రాండీవైన్ కన్జర్వెన్సీ అనే ప్రకృతి సంరక్షణ సంస్థ వాళ్ల దగ్గర 1987లో కనిపించింది. 2002లో పెరెనియల్ ప్లాంట్ అసోసియేషన్ దీన్ని ఆ ఏటి మొక్కగా ఎంపిక చేసింది. బూడిద తెగులు రాదు అని చాలా చోట్ల రాస్తారు. నేను ఒప్పుకోను. మా ఇంట్లో ఆగస్టు చివరికి కింది ఆకులకు వస్తుంది, ఈసారి ముందే మొదలైంది, ఇక్కడ చూడండి. పాత రకాలతో పోలిస్తే చాలా నయం, అంతవరకే. కానీ ఆ తెలుపు ఉంది చూశారూ, చీకటి పడ్డాక డెక్ మీద కూర్చుంటే తోటలో ఇదొక్కటే కనిపిస్తుంది. అందుకే ఎన్ని మచ్చలు వచ్చినా దీన్ని ఉంచుకుంటాను.

మొదట పిండి చల్లినట్టు చూపించిన ఆకు బ్లూ ప్యారడైజ్‌ది. పొద్దున, సాయంత్రం నీలంగా కనిపిస్తుంది, ఎండెక్కితే ఊదా అయిపోతుంది. పదకొండు గంటలకు చూపిస్తే ఇదే పువ్వా అంటారు. రంగు కోసం ఒక్క మొక్క పెట్టుకోవచ్చు, అదీ వెనక వరసలో. నోరా లీ అని తెల్ల అంచు ఆకులది ఒకటి ఉండేది, మెల్లగా పెరిగేది, మధ్యమధ్యలో మామూలు పచ్చాకు పిలకలు వేసేది. అవి వెంటనే తీసేయకపోతే బలమున్న పచ్చదే మొత్తం ఆక్రమిస్తుంది. నేను ఒక ఎండాకాలం ఇండియా వెళ్లి వచ్చేసరికి అదే జరిగింది. పీకేశాను.

ఐదోది ఇదిగో, ఈ గులాబీ రంగు మొక్క. దీని కథ వేరు. ఆన్‌లైన్‌లో ఒక నర్సరీ నుంచి తెల్లది అని తెప్పించాను, ట్యాగ్ మీద కూడా తెల్లదనే ఉంది, పూసింది మాత్రం ఇలా. మెయిల్ పెడితే "రంగు మీ మట్టిని బట్టి మారి ఉండొచ్చు" అన్నారు. హైడ్రాంజియా అయితే ఆ మాట చెల్లుతుంది, ఫ్లాక్స్‌కి కాదండీ. మట్టిని బట్టి తెలుపు గులాబీ అవదు. మీ ఇంట్లో కూడా "నా తెల్ల ఫ్లాక్స్ రెండేళ్లకు గులాబీ అయిపోయింది" అనిపిస్తే, జరిగింది ఇది: పూలు విత్తనం కట్టి కింద రాలాయి, ఆ విత్తనం మొక్కలు తల్లిలా రావు, ఎక్కువగా ఇలాంటి గులాబీ, ఊదా రంగుల్లోకి వెళ్తాయి, పైగా తల్లికంటే మొండివి. దుబ్బు మధ్యలోనే మొలిచి తల్లిని నొక్కేస్తాయి. అందుకే పూత అవ్వగానే ఆ తలలు కత్తిరించేయండి. పక్క కొమ్మల్లో మళ్లీ చిన్న పూత కూడా వస్తుంది. మా ఆయన మాత్రం ఈ గులాబీదే బాగుంది, ఉంచు అంటారు. చెప్పానుగా, గొడవ నడుస్తోందని.

బూడిద తెగులు గురించి కాస్త వివరంగా చెప్పాలి, కామెంట్లలో సగం అదే. ఊళ్లో మామిడి పూతకి, మినుముకి వస్తుందే, ఆ జాతి జబ్బే. ఆకు మీద నీళ్లు నిలిస్తేనే వస్తుందనుకుంటారు. దీనికి తడి అక్కర్లేదు. పగలు వేడి, రాత్రి గాల్లో తేమ, మొక్కల మధ్య గాలి ఆడకపోవడం, వేళ్ల దగ్గర మట్టి ఎండిపోయి మొక్క నీరసించడం, ఇవి చాలు. చాలామంది ఫ్లాక్స్‌ని కంచెకి ఆనించి పెడతారు, నేనూ మొదటి ఏడు అలాగే పెట్టాను. కంచె నుంచి రెండడుగులు ముందుకి జరిపాక సగం జబ్బు పోయింది. మొక్కకీ మొక్కకీ రెండడుగులు, జీనాకి మూడు వదలండి.

ఇంకొక పని, చెయ్యి ఒప్పదు కానీ చెయ్యాలి. ఏప్రిల్ చివర్లో పిలకలు జానెడు ఎత్తు ఉన్నప్పుడు, దుబ్బులో ఇరవై ఉంటే, లావుగా ఉన్న ఐదారు ఉంచి మిగతావి నేల మట్టానికి కత్తిరించేయండి. వరి నారు పలచగా నాటితేనే దుబ్బు కడుతుందని మా తాతయ్య అనేవారు, ఇక్కడా అంతే. మిగిలిన కాడలు లావెక్కుతాయి, పూగుత్తి పెద్దది వస్తుంది, లోపల గాలి ఆడుతుంది. నీళ్లు వారానికి ఒక అంగుళం, ఆకుల మీద కాదు, మొక్క మొదలు దగ్గర పోయాలి, పొద్దున పూట. వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి రెండంగుళాల మల్చ్, అంటే మట్టిని కప్పే పొర, వేస్తాను. వేప నూనె కొడతారా అంటే, జబ్బు రాకముందు జూన్ నుంచి కొడితే కొంత పనిచేస్తుంది, తెల్లగా అయ్యాక లాభం లేదు. మండే ఎండలో కొడితే ఆకు మాడుతుంది. నిజం చెప్పాలంటే జీనా పెట్టాక నేను సీసా మూత తీయలేదు. జబ్బొచ్చినా మొక్క చావదు, చూడ్డానికే బాగోదు. అక్టోబర్‌లో కాడలు కోసి చెత్తలో వేయండి, కంపోస్ట్‌లో కాదు.

ఇప్పుడు అమరిక. కెమెరా కిందికి దించుతున్నాను. చూశారా, మోకాలి కింద ఏమీ లేదు, వట్టి కాడలు, ఎండాకులు. ఎంత మంచి రకమైనా ఫ్లాక్స్ కాళ్లు ఇలాగే ఉంటాయి. అందుకే దీన్ని ముందు వరసలో ఎప్పుడూ పెట్టకూడదు. నేను ముందు క్యాట్‌మింట్, దాని వెనక కోన్‌ఫ్లవర్, ఆ వెనక ఫ్లాక్స్, అన్నిటి వెనక జో పై వీడ్ పెట్టాను. కోన్‌ఫ్లవర్ పూత తగ్గేసరికి ఫ్లాక్స్ అందుకుంటుంది. విడివిడిగా ఐదు రంగులు చల్లితే బట్టల కొట్టులా ఉంటుంది, ఒకే రకం మూడు మొక్కలు కలిపి పెడితేనే రోడ్డు మీద నుంచి కనిపిస్తుంది. మా హెచ్ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం వాళ్లు మొదట్లో "గడ్డి పెరిగింది" అని లెటర్ పంపారు. అంచున చిన్న ఇటుకల వరస పెట్టాను, మళ్లీ లెటర్ రాలేదు. లోపల మొక్కలు అవే!

టెన్షన్ పెట్టేది జబ్బు కాదు, కుందేళ్లు. లేత పిలకలు వాటికి పెసరట్టులాంటివి. మే నెలాఖరు దాకా చుట్టూ అడుగున్నర వైర్ మెష్ కడతాను. జింకలు వచ్చే ఇల్లయితే ఫ్లాక్స్ వద్దు, అంతే.

మే చివర్లో ముందు వైపు కాడల తలలు మూడో వంతు తుంచేస్తే అవి రెండు మూడు వారాలు ఆలస్యంగా పూస్తాయి. దీన్ని నేను బతుకమ్మ కోసం వాడాను. మాది హనుమకొండ, ఇక్కడ తంగేడు ఎక్కడ దొరుకుతుంది చెప్పండి. తుంచిన డేవిడ్ కాడల్లో పోయినేడు ఆఖరి తెల్ల గుత్తులు కొన్ని అందాయి, గునుగు బదులు పేర్చాను. సాయంత్రం ఆడటం మొదలుపెట్టేలోపే సగం పూలు రాలి తాంబాళంలో పడ్డాయి. కోశాక నిలవదు ఇది. ఈసారి అంచులకి బంతి, పైన మాత్రమే ఫ్లాక్స్.

మూడు నాలుగేళ్లకు దుబ్బు మధ్యలో పూత తగ్గుతుంది. అప్పుడు ఏప్రిల్‌లో గానీ సెప్టెంబర్‌లో గానీ తవ్వి, పారతో నాలుగు ముక్కలు చేసి, బయటి వైపు పిలకలు నాటుకోండి. నా జీనా వచ్చే నెల తవ్వుతున్నాను, ఎక్స్టన్ చుట్టుపక్కల వాళ్లు కామెంట్ పెట్టండి, ముక్కలు ఫ్రీ. గులాబీది అడిగితే ఇంకా ఆనందం, మా ఆయన ఆఫీసుకి వెళ్లినప్పుడు రండి.

సరే, ఎండ జీనా మీదికి వచ్చింది. కెమెరా ఇక్కడ స్టాండ్ మీద పెట్టి పది నిమిషాలు వదిలేస్తున్నాను, నేను మాట్లాడను. వచ్చే సీతాకోకచిలుకల్ని మీరే లెక్కపెట్టండి. మధ్యలో పక్కింటి లాన్ మోవర్ మొదలైతే మాత్రం నన్ను తిట్టుకోకండి.