గేటు బయట నిలబెట్టి పని రాదంటే ఎలా?

అందరికీ నమస్కారం. పేరుపేరునా పలకరించనందుకు వేదిక మీది పెద్దలు మన్నించాలి.

కాలేజీ నుంచి వచ్చే పిల్లలకు పని రాదని కంపెనీల వాళ్లు అంటుంటారు. దాని మీదే నా మాట. నేను కాలేజీలో మెకానికల్ ఇంజినీరింగ్ పాఠాలు చెబుతాను. నా దగ్గర ఒకబ్బాయి చదివాడు. మైక్రోమీటర్ అంటే లోహపు ముక్కల మందాన్ని సూక్ష్మంగా కొలిచే పరికరం. దాని బొమ్మ నాకన్నా చక్కగా గీసేవాడు. ఉద్యోగంలో చేరిన వారానికే ఓ షాఫ్టు, అదే యంత్రంలో తిరిగే కడ్డీ, ఇచ్చి మైక్రోమీటర్‌తో కొలవమన్నారట. బిగుతు మితిమీరకుండా చూసే చివరి చిన్న పిడిని, అంటే రాచెట్‌ను, తిప్పాలని చదివాడు గానీ, చేతికి అలవాటు లేదు. టెన్షన్‌లో థింబుల్, అంటే దాని పెద్ద పిడినే, పట్టుకుని బిగించేశాడు. కొలత తక్కువ చూపించింది. "ఏం నేర్పారయ్యా మీ కాలేజీలో?" అని సూపర్‌వైజరు నలుగురిలో అనేశాడు.

ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, "సార్, మన ల్యాబ్‌లో మైక్రోమీటర్ ఎప్పుడూ బీరువాలోనే ఉండేది కదా" అన్నాడు.

ఆ బీరువా తాళం నా దగ్గరే ఉండేది. పాడైతే ఎవరు జవాబు చెప్పాలని భయం.

ఇంకో మాట కూడా చెప్పాలి. అంతకు ముందు ఏడాది అదే కంపెనీకి వెళ్లాను, మా పిల్లల్ని పని నేర్చుకోవడానికి నెల్లాళ్లు చేర్చుకోండని అడగడానికి. గేటు దగ్గర గంటన్నర కూర్చోబెట్టారు. "పని నేర్చుకున్నట్టు సర్టిఫికెట్లు కావాలంటే ఇస్తాం, పిల్లల్ని మాత్రం పంపకండి" అన్నారు. ఆ సర్టిఫికెట్లు తెచ్చుకున్నాను. తప్పు వాళ్లదెంతో నాదీ అంతే.

ఇది కొత్త సమస్యేం కాదు. 1906లోనే అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఇంజినీరింగ్ అధ్యాపకుడు తన విద్యార్థుల్ని కొన్నాళ్లు తరగతిలో, కొన్నాళ్లు కర్మాగారంలో ఉంచాడు. పని చేసినందుకు జీతం కూడా ఇప్పించాడు. కెనడాలో వాటర్‌లూ విశ్వవిద్యాలయం 1957లో 74 మందితో ఇదే పద్ధతిలో మొదలైంది. రెండు చోట్లా ఇప్పటికీ నడుస్తోంది. జర్మనీలో పని నేర్చుకునే అప్రెంటిస్ వారంలో ఎక్కువ రోజులు కంపెనీలోనే ఉంటాడు. భత్యం ఇచ్చేదీ కంపెనీయే.

కంపెనీల వాళ్లు మీరేమో, మీ సాఫ్ట్‌వేర్, మీ మెషీన్ మేమే నేర్పి పంపాలంటారు. అది మా వల్ల కాదండీ, కాకూడదు కూడా. నాలుగేళ్లలో అది మారిపోతుంది. గట్టిగా బిగిస్తే కొలత ఎందుకు తప్పుతుందో చెప్పడం మా పని. మీ షాఫ్టు మీద చెయ్యి తిరిగేలా చేయడం మీ పని. మొదటి ఉద్యోగానికే రెండేళ్ల అనుభవం కావాలంటారే, ఆ అనుభవం ఎవరిస్తారు? కంపెనీల నుంచి వచ్చినవాళ్లు దయచేసి చెప్పండి. మీరు గేటు తెరవకపోతే ఎవరిస్తారు?

పిల్లలకన్నా ముందు మా మాస్టార్లను ఒక నెల మీ వర్క్‌షాపులో నిలబెట్టండి. నా పేరు రాసుకోండి. వచ్చే సెలవుల్లో వస్తాను.