మందు, లివర్, మధ్యలో బీపీ బిళ్ళ

(తెర మీద: అమ్లోడిపిన్ షీటు, పక్కన గాజు గ్లాసు)

ఇంట్లో నాన్నకో అమ్మమ్మకో రోజూ ఇచ్చే బీపీ బిళ్ళ ఉంటుంది కదా, చాలా ఇళ్లలో అది అమ్లోడిపిన్. కాల్షియం చానల్ బ్లాకర్ అనే రకం బిళ్ళల్లో ఇదొకటి. ముందే ఒక మాట, తెలుగులో పెద్ద చిక్కుంది కాబట్టి ఈ వీడియోలో మందు అంటే తాగేదే, వేసుకునేదాన్ని బిళ్ళ అంటాను.

కణం పొరలో కాల్షియం లోపలికొచ్చే చిన్న దారులుంటాయి. రక్తనాళాల కండరంలో ఆ దారి మూస్తే నాళం వదులై బీపీ దిగుతుంది. మరి లివర్‌కీ దీనికీ ఏంటి సంబంధం?

ఏళ్ల తరబడి మందు తాగితే పేగు గోడ జల్లెడవుతుంది, అక్కడి బ్యాక్టీరియా విషం, ఎండోటాక్సిన్ అంటారు, రక్తంలో కలిసి నేరుగా లివర్‌కి చేరుతుంది, పేగుల నుంచి బయల్దేరిన రక్తానికి మొదటి మజిలీ అదే మరి. అక్కడ కుప్ఫర్ కణాలని కాపలావాళ్లుంటారు. విషం తగలగానే వాళ్లలోకి కాల్షియం దూసుకెళ్తుంది, వాళ్లు టీఎన్‌ఎఫ్ లాంటి రసాయనాలు వదులుతారు, లివర్ వాస్తుంది. అంటే మందు చేసే చెడు ఒకటైతే, కాపలావాళ్ల కంగారు చేసేది ఇంకొకటి.

ఆ దారే మూసేస్తే? అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ థర్మన్ బృందం సరిగ్గా అదే చేసింది. ఎలుకల పొట్టలోకి గొట్టంతో వారాల తరబడి మందు ఎక్కిస్తూ, దాంతోపాటే అమ్లోడిపిన్‌కి చుట్టమైన నిమోడిపిన్ ఇచ్చారు. 1996లో ఫలితం అచ్చయింది: నిమోడిపిన్ అందిన ఎలుకల లివర్ బాగా నిలబడింది.

ఆశ పుట్టదా! స్కాట్లాండ్‌లోని గ్లాస్గో డాక్టర్లు ఆల్కహాలిక్ హెపటైటిస్, అంటే మందు వల్ల లివర్ వాచిన రోగుల్లో చీటీలు తీసినట్టు కొందరికి అమ్లోడిపిన్, కొందరికి ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి చూశారు, ఎవరికి ఏది పడిందో డాక్టరుకీ తెలీదు, రోగికీ తెలీదు. 1998లో ఆ ఫలితమూ వచ్చింది. తేడా ఏమీ లేదు.

నాకైతే ఇందులో వింత కనిపించదు. ఎలుకకి మందుతోపాటే నిమోడిపిన్ పడింది. మనిషేమో కళ్లు పచ్చబడి, పొట్టలో నీళ్లు చేరాక వస్తాడు. ఇల్లంటుకున్నాక అగ్గిపెట్టె దాచినట్టే కదా. పైగా మనుషులకిచ్చింది నిమోడిపిన్ కాదు, వేరే బిళ్ళ.

ఇంకో తిరకాసు కూడా ఉంది. లివర్ బాగా గట్టిపడిన వాళ్లకి బీపీ దానంతటదే పడిపోతుంటుంది, అమ్లోడిపిన్‌ని కరిగించాల్సిందీ ఆ దెబ్బతిన్న లివరే, కాబట్టి అది ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది. అందుకే అలాంటి వాళ్లకి డాక్టర్లు మోతాదు తగ్గిస్తారు, ఒక్కోసారి ఆపేస్తారు. మీ ఇంట్లో బీపీ బిళ్ళ వేసుకుంటూ మందూ తాగేవాళ్లుంటే డాక్టరుకి రెండూ చెప్పండి, మనవాళ్లు మొదటిదే చెప్పి వచ్చేస్తారు.