చిన్నప్పటి సైకిల్ గురించి అడిగితే ఏం చెబుతారు?

హోస్ట్: నమస్తే. ఈ ఎపిసోడ్ అంతా ఒకే ప్రశ్న మీద. "డిడ్ యు హావ్ ఎ బైక్ వెన్ యు వర్ ఎ చైల్డ్?" విదేశాలకి వెళ్ళాలనుకునేవాళ్ళు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ ఉంది కదా, దాని స్పీకింగ్ మొదటి పార్ట్‌లో ఎదురయ్యే రకం ప్రశ్న. స్పీకింగ్ నేర్పే మేడమ్ మనతో ఉన్నారు. మేడమ్, ఇంత తేలిక ప్రశ్నకి ఎపిసోడ్ అవసరమా?

ట్రైనర్: తేలికే అనుకునే కదండీ బోల్తా పడేది. అసలు 'బైక్' దగ్గరే మొదలవుతుంది. మన చెవికి బైక్ అంటే మోటార్‌సైకిల్. మాక్ టెస్ట్‌లో "ఐ వాజ్ టూ యంగ్, నో లైసెన్స్" అన్నవాళ్ళున్నారు.

హోస్ట్: (నవ్వు) పాపం!

ట్రైనర్: ఆ ప్రశ్నలో బైక్ అంటే సైకిలే. జవాబులో మీరు 'సైకిల్' అన్నా తప్పేం లేదు. ఏదీ, మీరు చెప్పండి చూద్దాం.

హోస్ట్: నేనా? సరే. "యస్, ఐ వాజ్ హావింగ్ ఎ సైకిల్. మై ఫాదర్ గేవ్. ఐ డ్రోవ్ ఇట్ డైలీ. ఇట్ వాజ్ వెరీ నైస్."

ట్రైనర్: తడుముకోకుండా చెప్పారు, అది మంచిదే. కానీ 'వాజ్ హావింగ్' వద్దు. "నాకు సైకిల్ ఉండేది" అన్నదానికి "ఐ హ్యాడ్" చాలు. సైకిల్‌ని రైడ్ చేస్తాం, డ్రైవ్ చేయం. కాబట్టి 'డ్రోవ్' బదులు 'రోడ్', అంటే 'రైడ్'కి పాస్ట్.

హోస్ట్: "మై ఫాదర్ గేవ్"లో ఏం తప్పుంది?

ట్రైనర్: తెలుగులో "నాన్న కొనిచ్చారు" అంటే సరిపోతుంది. దేన్ని, ఎవరికి అన్నది వినేవాళ్ళు పట్టేసుకుంటారు. ఇంగ్లిష్‌లో ఆ రెండూ నోటితో చెప్పాలి. "మై ఫాదర్ బాట్ ఇట్ ఫర్ మీ." ఇక అసలు సంగతి, ఆ 'డ్రోవ్ డైలీ'. మీరు మనసులో ఏమనుకున్నారు, తెలుగులో?

హోస్ట్: రోజూ తొక్కేవాణ్ణి అని.

ట్రైనర్: తొక్కాను అనలేదు, చూశారా? తొక్కేవాణ్ణి, వెళ్ళేవాణ్ణి, ఆడుకునేవాళ్ళం... ఇలా వచ్చిన చోటల్లా "యూజ్డ్ టు" పెట్టేయొచ్చు. "ఐ యూజ్డ్ టు రైడ్ ఇట్ ఎవ్రీ డే." ఒక్కసారి జరిగినదానికి మామూలు పాస్ట్. "ఐ ఫెల్ ఆఫ్ వన్స్." ఈ తేడా మనకి పుట్టుకతోనే తెలుసు, ఇంగ్లిష్‌లోకి రాగానే వదిలేస్తాం. ఒక్క జాగ్రత్త, ముందు 'యామ్' తగిలించకండి. "ఐ యామ్ యూజ్డ్ టు" అంటే అలవాటు పడిపోయానని.

హోస్ట్: గ్రామర్ సరే. జవాబు చప్పగా ఉంది కదా?

ట్రైనర్: ఉంది మరి. అంతా విన్నాక కూడా ఆ సైకిల్ నా కళ్ళకి కట్టలేదు. 'వెరీ నైస్' అన్నది కుర్చీ గురించైనా అనొచ్చు! ఎవరు నేర్పారు మీకు?

హోస్ట్: అక్క. అసలది అక్క సైకిలే, నాకు పాతబడ్డాక వచ్చింది. చెయిన్ ఊరికే ఊడిపోయేది. ఓసారి అక్క చెప్పకుండా చేయి వదిలేసింది, నేను పోయి గోడకి గుద్దాను.

ట్రైనర్: ఇంత పెట్టుకుని 'వెరీ నైస్' అంటారా! ఇదే చెప్పండి.

హోస్ట్: "యస్, ఐ డిడ్. ఇట్ వాజ్ మై సిస్టర్స్ ఓల్డ్ బైక్, అండ్ ది చెయిన్ యూజ్డ్ టు కమ్ ఆఫ్ ఆల్ ది టైమ్. షి... షి టాట్ మీ టు రైడ్. వన్స్ షి లెట్ గో వితౌట్ టెల్లింగ్ మీ, అండ్ ఐ రోడ్ స్ట్రెయిట్ ఇంటు ఎ వాల్."

ట్రైనర్: బ్రహ్మాండం. మధ్యలో కాస్త ఆగినా నష్టం లేదు. ఫ్లూయెన్సీ, పదజాలం, గ్రామర్, ఉచ్చారణ, నాలుగింటికీ సమాన వెయిటేజ్. ఉచ్చారణలో 'వీల్', 'వాల్' అనేటప్పుడు పెదాలు గుండ్రంగా చుట్టండి. పళ్ళు కింది పెదవికి తగిలితే అది 'వెరీ'లో వచ్చే శబ్దం.

హోస్ట్: మరి సైకిలే లేనివాళ్ళు?

ట్రైనర్: లేదనే చెప్పండి. "నో, బట్ ఐ యూజ్డ్ టు బారో మై కజిన్స్ బైక్." నిజమా అబద్ధమా అని మార్కులు వేయరు. కానీ కల్పిస్తే తర్వాతి ప్రశ్నకి ఇంకో కల్పన కావాలి, టెన్షన్ అక్కడ మొదలవుతుంది. బట్టీ కొట్టినా అంతే, మాట వేగం, తీరు మారిపోతాయి, ఎగ్జామినర్‌కి వెంటనే తెలిసిపోతుంది.

హోస్ట్: ఎంతసేపు మాట్లాడాలి?

ట్రైనర్: మొదటి పార్ట్ మొత్తమే 4-5 నిమిషాలు. మీరిప్పుడు చెప్పినంత చాలు. ఎగ్జామినర్ మధ్యలో ఆపినా కంగారు పడకండి, వాళ్ళకి టైమ్ లెక్క ఉంటుంది. రెండో పార్ట్‌లో అయితే ఒక నిమిషం ఆలోచించుకోనిస్తారు, ఆ తర్వాత 1-2 నిమిషాలు మీరే మాట్లాడాలి. గోడ కథ విడమరిచి చెప్పడానికి అది చోటు. సరే, ఇంకో ప్రశ్న. "డు యు స్టిల్ రైడ్ ఎ బైక్?"

హోస్ట్: "నో, ఐ యామ్ నాట్ రైడింగ్..."

ట్రైనర్: "నో, ఐ డోంట్. ఐ హావెంట్ రిడెన్ వన్ ఫర్ ఇయర్స్." అడిగింది అలవాటు గురించి, అందుకే 'యామ్ నాట్ రైడింగ్' వద్దు. ఇంకోటి, ప్రశ్న ఇప్పటిదైతే జవాబూ ఇప్పటికి రావాలి. ఇందాకటి జోరులో చాలామంది పాస్ట్‌లోనే ఉండిపోతారు. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని ఈ రెండు ప్రశ్నలూ వెంట వెంటనే చెప్పి చూడండి.

హోస్ట్: ఇప్పుడే చేస్తాను మేడమ్, మైక్ ఎలాగూ ఆన్‌లోనే ఉంది.