దెయ్యాన్ని తీసేసి చదవండి

సభకు నమస్కారం.

అతీంద్రియ కథ చదవడం అయ్యాక ఒక పని చేయండి. అందులోంచి దెయ్యాన్ని తీసేసి, మిగిలిన కథను ఇంకోసారి మనసులో తిరగేయండి. ఏమీ మిగల్లేదా, అది గుండెదడ కోసం రాసింది. అంతా ఉన్నదున్నట్టే ఉందా, దెయ్యాన్ని గుమ్మానికి తోరణంలా కట్టారంతే. అలా కాకుండా, దెయ్యం పోగానే ఒక మనిషి బతుకు మనకు అంతుపట్టకుండా పోయిందంటే, అది పాత్ర నడిపిన కథ. మొదటి రకాన్ని నేను చిన్నచూపు చూడను. రాత్రి రైలు ప్రయాణానికి దాన్ని మించిన తోడు లేదు. కానీ ఈ పూట మాట్లాడుకునేది మూడో రకం గురించి.

ఈ విద్యకు మొదటి పాఠం మన ఇళ్ళలోనే ఉంది, బేతాళుడి దగ్గర. చందమామ పుణ్యమా అని ఆ చెట్టూ ఆ శవమూ తెలియని తెలుగువాళ్ళు తక్కువ. సోమదేవుడు 11వ శతాబ్దంలో కాశ్మీరంలో రాసిన కథాసరిత్సాగరంలో ఈ కథలున్నాయి. మన విక్రమార్కుడి పేరు అక్కడ త్రివిక్రమసేనుడు. షరతులు రెండే. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. నోరు విప్పితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ఇప్పుడు ఆ రాజు స్థానంలో ఒక మొద్దును పెట్టండి. మొదటి కథకే శవాన్ని ఎత్తుకుపోయేవాడు! తీర్పు చెప్పడం తెలిసినవాడు కాబట్టే విక్రమార్కుడు ఇరుక్కున్నాడు. చివరికి తండ్రీకొడుకులు కూతురినీ తల్లినీ అడ్డదిడ్డంగా పెళ్ళాడితే, వాళ్ళకు పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారన్న చిక్కుముడికి జవాబు తెలియకపోవడం వల్లే బయటపడతాడు. అంటే బేతాళుడి షరతు ఆ రాజు స్వభావాన్ని కొలిచి కుట్టిన చొక్కా. ఇంకొకరికి సరిపోదు.

ఇదే పని ఈ కాలంలో ఎలా చేస్తారో చూడాలంటే శ్రీలంక రచయిత షెహాన్ కరుణతిలక నవల ‘ద సెవెన్ మూన్స్ ఆఫ్ మాలీ అల్మేడా’ ఉంది, 2022లో బుకర్ బహుమతి వచ్చింది. 1990 నాటి కొలంబో. మాలీ అల్మేడా అనే యుద్ధ ఫొటోగ్రాఫర్ చచ్చిపోయి కళ్ళు తెరుస్తాడు. గడువు ఏడు వెన్నెలలు, అంటే ఏడు రాత్రులు. ఆలోపు తనను ఎవరు చంపారో తెలుసుకోవాలి, మంచం కింద పెట్టె నిండా దాచిన ఫొటోలను తనవాళ్ళ చేతికి చేర్చాలి. ఆ లోకంలో ఒక నియమం ఉంది. అతను ఎక్కడికి పడితే అక్కడికి వెళ్ళలేడు, ఎవరైనా తన పేరు పలికితే ఆ చోటికి వెళ్ళగలడు. బతికినన్నాళ్ళూ మగవాడి మీది తన ప్రేమను గుట్టుగా ఉంచిన మనిషి అతను. చచ్చాక కొత్త చోటికి కదలాలంటే ఎవరో ఒకరు తన పేరు పైకి అనాలి! పాత్రల్లో వైవిధ్యం అంటే ఇదీ. పాత్రకు ఒక గుర్తింపు అంటించి ఊరుకోలేదు. ఆ గుర్తింపే దెయ్యానికి దారీ గోడా అయింది.

నియమాల సంగతిలో కొత్తగా రాసేవాళ్ళు తరచూ పొరపాటు పడేది ఎక్కడంటే, అవసరం పడ్డప్పుడు కొత్త నియమాన్ని తెస్తారు. పదిహేను పేజీల కథలో పదమూడో పేజీలో ‘ఈ తాయెత్తు కడితే దెయ్యం రాదు’ అని తేలితే, అంతదాకా పాఠకుడు పడ్డ భయం వృథా. ఒకటో రెండో నియమాలు చాలు. మొదటి మూడు నాలుగు పేజీల్లోనే అవి పనిచేస్తూ కనబడాలి. ఎవరూ కూర్చుని వివరించక్కర్లేదు.

ఇంకో సంగతి, వెల. అతీంద్రియం ఇంట్లోకి వస్తే ఎవరో ఒకరికి ఏదో ఒకటి తరిగిపోవాలి. అమెరికా రచయిత్రి టోనీ మారిసన్ 1987 నాటి నవల ‘బిలవ్డ్’కు బీజం ఒక నిజ ఘటన. 1856లో మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ కుటుంబంతో కెంటకీ నుంచి పారిపోయి, గడ్డకట్టిన ఒహాయో నది దాటి సిన్సినాటి చేరింది. పట్టుబడే క్షణంలో, మళ్ళీ బానిసత్వంలోకి పంపలేక కూతుర్ని చంపుకుంది. నవలలో ఆ బిడ్డ వయసొచ్చిన పిల్లగా తిరిగొస్తుంది. తీపి అడుగుతుంది, కథలు అడుగుతుంది, ఎంత పెట్టినా చాలదు. ఆ పిల్ల ఒళ్ళు చేస్తుంటే తల్లి చిక్కిపోతుంది. పళ్ళూ గోళ్ళూ పెట్టి బెదిరించే దెయ్యం అవసరమే లేదు. కంచంలో కూడు ఎటు పోతోందో చూపిస్తే చాలు.

మన దగ్గర ఇలాంటి సరుకు లేదనేవాళ్ళకు పుల్లయ్యలనూ పెంటయ్యలనూ గుర్తుచేయాలి. వరసగా పిల్లలు పోయిన ఇంట్లో కొత్తగా పుట్టినవాణ్ణి ఎంగిలి విస్తరాకుల మీదో పెంటకుప్ప మీదో ఒక్క క్షణం పడుకోబెట్టి, ఆ పేరే పెట్టేవాళ్ళు. వీడు ఎందుకూ పనికిరాడనుకుని మృత్యువు పక్కకు పోతుందని ఆశ. నైజీరియాలో యొరుబా జాతివాళ్ళు చచ్చి చచ్చి మళ్ళీ పుట్టే బిడ్డను ‘అబికు’ అంటారు. అలాంటి పిల్లవాడు బతకాలని మొండికేస్తే ఏమవుతుందో ‘ద ఫేమిష్డ్ రోడ్’ నవలలో రాసే, నైజీరియా రచయిత బెన్ ఓక్రీ 1991లో బుకర్ అందుకున్నాడు. మనమేమో పెంటయ్య అనే పేరును హాస్యపాత్రకు వదిలేశాం. ఆ పేరు వెనక ఎన్ని చిన్న గోతులున్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

సరే, ఒక నమూనా కట్టి చూద్దాం. నిజామాబాద్ వైపు ఊరు, బీడీలు చుట్టే కోడలు. తునికాకు తడపాలి, కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట. వెయ్యి బీడీలంటే నలభై కట్టలు. అత్తమ్మ పోయి నెలయింది. ఒక పొద్దున చాటలో నలభై ఒక్క కట్టలున్నాయి. ఒకదాని దారం రంగు వేరు.

ఇక్కడ ‘ఒళ్ళు గగుర్పొడిచింది’ అని రాశారంటే కథ చచ్చింది. ఆమె మళ్ళీ లెక్కపెడుతుంది. ముందు డబ్బు గుర్తొస్తుంది, భయం తరవాత. తెలివైన పాఠకుడు వెంటనే అడుగుతాడు: ఆకూ తంబాకూ తూకం వేసి ఇస్తారు కదా, అదనపు కట్టకు సరుకు ఎక్కడిది? ఈ ప్రశ్నను తప్పించుకోకండి, దీన్లోనే మీ నియమం ఉంది. కోడలు పారేసే చిరుగాకుతో, చాటలోంచి రాలిన పొడితో అత్తమ్మ చుడుతోంది. బతికుండగా ఇద్దరికీ జగడం దాని మీదే: ‘గింత ఆకు పారేస్తవా?’ ఆపైన చిక్కు చూడండి. లెక్క అప్పజెప్పేచోట కోడలి బీడీల్లో కొన్ని బాగాలేవని పక్కన పడేస్తారు. అత్తమ్మ కట్టలో ఒక్కటీ పోదు. ఆ కట్టను ఎవరి పేరున రాయించాలి? కోడలు తన పేరున రాయిస్తే ఎలాంటి మనిషి, రాయించకపోతే ఎలాంటి మనిషి? కథ అక్కడ మొదలవుతుంది. పొగమంచూ గబ్బిలాలూ పాత బంగళా ఏవీ అక్కర్లేదు. రాయలసీమ మే నెలలో పొగమంచు దింపిన కథలూ ఉన్నాయి మరి.

యాస గురించి ఒక్క మాట. దెయ్యమూ మంత్రగాడూ మాత్రమే ఊరి యాసలో మాట్లాడి, నాయకుడు పత్రికాభాష మాట్లాడితే, ఎవరిని చూసి భయపడాలో రచయిత చెప్పేసినట్టే. మాటలూ అంతే. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల్లో రంగం నాడు పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే స్త్రీకి ‘దెయ్యం పట్టింది’ అని రాస్తే అది తప్పు. అక్కడ పూనింది అమ్మవారు. భక్తులు భయంతో పారిపోరు, వర్షాల గురించి అడుగుతారు.

బాణామతి, చిల్లంగి లాంటి చేతబడుల గురించి రాసేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. ఆ అనుమానంతో తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని కొట్టారు, చంపారు. కథలో ఒంటరి ముసలామె నిజంగానే చేతబడి చేసిందని తేల్చేముందు, ఆమె కులమేంటి, ఆమె పొలం గట్టు ఎవరి పొలానికి ఆనుకుని ఉంది, ఆమె పోతే లాభం ఎవరికి అని మీరు లెక్క చూసుకుని ఉండాలి. చూసుకున్నాక బహుశా దెయ్యాన్ని వేరే ఇంటికి మార్చేస్తారు.

ముగింపుల దగ్గర మనవాళ్ళకు రెండు అలవాట్లు. మంత్రవాది వచ్చి సీసాలో బంధించడం ఒకటి, డాక్టరు వచ్చి భ్రమ అని తేల్చడం ఇంకొకటి. సహజమా అతీతమా అన్న ఊగిసలాటలోనే ఈ తరహా కథకు ప్రాణం ఉందని సాహిత్య విమర్శకుడు త్స్వెతన్ తొదొరోవ్ 1970లో వాదించాడు. ఆయనతో నాకు సగమే ఒప్పుదల. మాలీ కథలో ఊగిసలాట ఏమీ లేదు, వాడు చచ్చాడు, అంతే. అయినా కథ నిలబడింది. మంత్రవాదితోనూ డాక్టరుతోనూ వచ్చే చిక్కు ఏమిటంటే, ఇద్దరూ బయటి మనుషులు. దెయ్యం ఏ మనిషి కోసం వచ్చిందో ఆ మనిషి చేతులతోనే పోవాలి, లేదా ఉండిపోవాలి.

బీడీల కథకు వస్తే, నేనైతే అత్తమ్మను పంపించే సన్నివేశమే రాయను. కోడలు చిరుగాకును పారేయబోయి ఆగుతుంది, ఒళ్ళో వేసుకుంటుంది. తెల్లారి చాటలో నలభై ఒక్క కట్టలు, అన్నిటికీ ఒకటే రంగు దారం.