ఆడపిల్లకి ఎంత చదువు చాలు? మిస్ హౌ కథ

అందరికీ నమస్కారం.

మా అమ్మమ్మ ఐదో తరగతితో బడి మానేసింది. ఎందుకమ్మా అంటే, "ఉత్తరం ముక్క రాయడం వస్తే చాలన్నారు" అనేది. ఆ "చాలు" అన్న మాట పట్టుకునే ఇవాళ మాట్లాడదామనుకుంటున్నాను. కథ మాత్రం చైనాది, నూట యాభై ఏళ్ల కిందటిది.

1872లో గెర్ట్రూడ్ హౌ అనే అమెరికన్ టీచరు యాంగ్జీ నది ఒడ్డున ఉన్న జియుజియాంగ్ పట్నానికి వచ్చారు. ఊళ్లో అందరూ ఆమెని మిస్ హౌ అనేవారు. పంపింది మెథడిస్టు క్రైస్తవ మహిళల మిషనరీ సంఘం. ఈ సంఘం మనకీ కొత్త కాదు. బరేలీకి 1870లో వచ్చిన డాక్టర్ క్లారా స్వెయిన్‌నీ వాళ్లే పంపారు. హైదరాబాద్ చాపెల్ రోడ్డులో ఉన్న స్టాన్లీ గర్ల్స్ హైస్కూల్ కూడా మెథడిస్టు మిషన్ పెట్టిందే.

ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. జియుజియాంగ్‌ని చైనా తనంతట తాను విదేశీయులకి తెరవలేదు. యుద్ధంలో ఓడి, 1858 ఒప్పందం మీద సంతకం పెట్టాక తెరిచింది. ఫిరంగుల వెనకాలే బైబిళ్లు వచ్చాయని అక్కడి జనం అనుకుంటే తప్పు పట్టలేం. మిస్ హౌ వచ్చిందీ ఆ దారినే, మతం చెప్పడానికే.

మరుసటి ఏడాది బడి తెరిచారు. పిల్లల్ని పంపేదెవరు? ఐదారేళ్లు రాగానే ఆడపిల్ల కాలివేళ్లని అరికాలి కిందికి మడిచి, గుడ్డతో బిగించి కట్టేసే రోజులవి. పాదం చిన్నదైతేనే పెళ్లి. పైగా తెల్లవాళ్లు పిల్లల్ని ఎత్తుకుపోయి, కళ్లు పీకి మందులు చేస్తారని పుకార్లు. 1870లో తియాన్‌జిన్‌లో అలాంటి పుకారు మీదే జనం తిరగబడి, నన్‌లతో సహా ఎంతోమందిని చంపేశారు.

అలాంటి చోట ఈమె రెండు నెలల పసిగుడ్డుని ఇంటికి తెచ్చుకున్నారు. ఆ పాప పుట్టినింట్లో అప్పటికే ఐదుగురు ఆడపిల్లలు. ఆరోదీ ఆడపిల్లే పుట్టింది. పోనీ, పొరుగింటి పిల్లవాడికి ఇస్తామని ముందే మాట అనుకుందామంటే జాతకం కుదరలేదు, పాప నక్షత్రం మంచిది కాదన్నాడు జ్యోతిష్యుడు. (మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటా.) మిస్ హౌకి చైనీస్ నేర్పే పంతులు ఆ సంగతి చెబితే, నేను పెంచుకుంటానన్నారు. ఆ పాపే కాంగ్ చెంగ్. తర్వాత ఇంకో ముగ్గురిని కూడా పెంచుకున్నారు. పెళ్లి కాని మనిషి పిల్లల్ని పెట్టుకుని చైనా వాళ్ల పద్ధతిలో బతకడం తోటి మిషనరీలకి అస్సలు నచ్చలేదు. సొంతవాళ్లలోనే ఆమె వెలిపడ్డట్టయింది.

కొన్నేళ్లకి ఒక తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని మిషన్‌కి వచ్చాడు. పాప పేరు షి మెయ్‌యూ, ఏడెనిమిదేళ్లుంటాయి. తండ్రి ఆ ప్రాంతంలో మొదట మతం మారినవాళ్లలో ఒకడు, పాస్టరు. ఆయనా భార్యా కలిసి ఒక పెద్ద తెగువే చేశారు: కూతురి పాదాలు కట్టలేదు. అంటే సంబంధాలు రావని తెలిసే చేశారు. అక్కడ పనిచేసే అమెరికన్ లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, మా అమ్మాయిని కూడా మీలా డాక్టర్ని చెయ్యండి అన్నాడు. ఆవిడ బిత్తరపోయింది. ముందు బడి చదువు కావాలి కదా అని మిస్ హౌ దగ్గరికి పంపింది.

గొడవ మొదలైంది ఇక్కడే. మిషన్ బడిలో ఆడపిల్లకి బైబిలు చదవడం వస్తే చాలు, కుట్టుపని వస్తే చాలు, పాస్టరుకి భార్యగా పనికొస్తే చాలు. ఇంగ్లీషా? దేనికి? పిల్లలు చెడిపోరూ? చూశారా, మా ఊళ్లో అన్న "చాలు"నే అక్కడ చదువు చెప్పడానికి వచ్చినవాళ్లూ అన్నారు! మిస్ హౌ వినలేదు. ఇంగ్లీషు చెప్పారు. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ చెప్పారు. చివరికి లాటిన్ కూడా చెప్పారు, ఎందుకంటే మెడికల్ కాలేజీ ఎంట్రన్స్‌లో అది అడుగుతారు. మధ్యలో చోంగ్‌చింగ్ అనే ఇంకో పట్నానికి మారారు. 1886లో అక్కడ అల్లర్లు జరిగితే పిల్లల్ని వెంటేసుకుని మళ్లీ జియుజియాంగ్ చేరారు. చదువు మాత్రం ఆపలేదు.

1892లో సొంత డబ్బు కూడా వేసుకుని కాంగ్, షి మెయ్‌యూ ఇద్దరినీ తీసుకుని అమెరికా ఓడ ఎక్కారు. మిషిగన్ యూనివర్సిటీ ఎంట్రన్స్ రాస్తే ఇద్దరూ పాసయ్యారు. అక్కడివాళ్లకి నోరు తిరగక కాంగ్‌ని ఐడా కాన్ అన్నారు, షి మెయ్‌యూని మేరీ స్టోన్ అన్నారు. చైనీస్‌లో షి అంటే రాయి కదా, అలా స్టోన్ అయింది. 1896లో చైనా పట్టుబట్టల్లోనే వెళ్లి మెడికల్ డిగ్రీలు అందుకున్నారు. ఆ ఏడాదే జియుజియాంగ్ తిరిగొస్తే ఊరు టపాసులు కాల్చి స్వాగతం చెప్పింది. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుందామనుకున్నారట. మూడో రోజుకే గుమ్మంలో రోగులు.

నాకు ఈ కథలో బాగా గుచ్చుకునేది ఆ తర్వాత జరిగింది. 1897లో లియాంగ్ చిచావ్ అనే గొప్ప సంస్కర్త తన పత్రికలో కాంగ్ మీద వ్యాసం రాశాడు. ఆడవాళ్లకి చదువు చెప్పిస్తే దేశం ఇలా లేస్తుంది చూడండి అని. వాదన బలంగానే ఉంది. కానీ కాంగ్‌ని అనాథని చేశాడు. పెంచిన తల్లి అటుగా వచ్చిన అమెరికన్ ఆవిడగా మిగిలింది. మిషన్ మాట లేదు, మతం ఊసు లేదు. విదేశీ మిషనరీ పెంపకమంటే పాఠకులు మొహం తిప్పుకుంటారని అనుకున్నాడేమో. ఇటు మిషన్ ఆమెని మొండి మనిషి అంది, అటు సంస్కర్త దారిన పోయే మనిషిని చేశాడు. ఇరవై ఏళ్లు లాటిన్ దాకా కూర్చుని చెప్పిన టీచరు ఇద్దరి లెక్కల్లోనూ లేదు.

పిల్లలిద్దరూ మాత్రం ఆగలేదు. 1901లో జియుజియాంగ్‌లో డాన్‌ఫోర్త్ ఆసుపత్రి వచ్చింది. షి మెయ్‌యూ దాన్ని నడుపుతూ వందల మంది చైనా అమ్మాయిలకి నర్సు పని నేర్పింది. 1903లో కాంగ్ నాన్‌చాంగ్ వెళ్లి అక్కడ వైద్యం మొదలుపెట్టింది. ముసలితనంలో మిస్ హౌ అమెరికా వెళ్లిపోలేదు. నాన్‌చాంగ్‌లో కూతురి దగ్గరే ఉండిపోయి, 1928లో అక్కడే కన్నుమూశారు. మూడేళ్లకి కాంగ్ కూడా పోయింది.

జాతకం కుదరలేదని వదిలించుకున్న ఆరో పిల్ల. పెంచిన తల్లిని ఆఖరిదాకా చూసుకున్నది ఆ పిల్లే.